పర్సులో పట్టే బ్యాటరీ లైటు: కొనేముందు ఒకసారి అమ్మ చేతికిచ్చి చూడండి

జూన్ ఒకటో తారీఖు నుంచి నవంబరు ఆఖరు దాకా మనకిక్కడ హరికేన్ సీజన్. ఏటా ఈ టైముకి మన గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతారు, "ఇంట్లోకి మంచి ఫ్లాష్‌లైటు ఉంటే చెప్పండి" అని. అడగటమే ఆలస్యం, పది లింకులు వచ్చి పడతాయి. ఒకటి పదివేల ల్యూమెన్లు, ఇంకోటి లక్ష ల్యూమెన్లు. "మావారు తెప్పించారు, స్టేడియం లైటులా ఉంది" అని ఒకరంటే, "డీల్ ఇవాళ్టితో అయిపోతుంది" అని ఇంకొకరు.

అలాంటి స్టేడియం లైటు ఒకటి మా ఇంట్లోనూ ఉంది. దాని పుణ్యమా అని మా అమ్మ మణికట్టు విరిగింది. అందుకే ఈసారి లింకు పంపకుండా ఇంత వ్యాసం రాస్తున్నా. ఓపిగ్గా చదవండి.

ఆ రాత్రి ఏం జరిగిందంటే

2024 జులై 8, సోమవారం తెల్లవారుజామున బెరిల్ తుఫాను మటగోర్డా దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్ చుట్టుపక్కల ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. ఇక్కడున్న వాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మా వీధికి ఆరో రోజు వచ్చింది. అమ్మ అప్పటికి తెనాలి దగ్గర మా ఊరి నుంచి వచ్చి రెండు నెలలయింది.

ఏసీ లేదు, మేడ మీద గదులు పొయ్యిలా ఉన్నాయి. అందరం కింద హాల్లోకి పరుపులు దించుకుని, కిటికీలు తీసుకుని పడుకున్నాం. ఫోన్లు కార్లో ఛార్జి చేసుకుని పొదుపుగా వాడుతున్నాం. అమ్మ తలగడ పక్కన మా ఆయన ఆ పెద్ద నల్ల లైటు పెట్టి, "అత్తయ్యగారూ, రాత్రి లేస్తే ఇది నొక్కండి" అని చూపించారు.

రెండో రాత్రి, రెండు గంటలప్పుడు అమ్మ బాత్రూముకని లేచింది. లైటు నొక్కింది. కళ్లు బైర్లు కమ్మేంత వెలుగు. పక్కన పడుకున్న మా చిన్నది కదిలింది. పిల్ల నిద్ర పాడవుతుందని అమ్మ మళ్లీ నొక్కింది. కాస్త తగ్గింది. ఇంకాస్త తగ్గుతుందేమోనని ఇంకోసారి నొక్కింది. టపటపా టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. పోలీసు కారు లైటులా కొట్టుకుంటుందే, ఆ మోడు. అమ్మ హడలిపోయి, ఎలాగో ఆపేసి, చీకట్లోనే గోడ పట్టుకుని బయల్దేరింది. అంత వెలుగు చూసిన కళ్లకి ఆ చీకటి ఇంకా చిక్కబడిపోయింది. పరుపు అంచు కాలికి తగిలి, ఐస్ పెట్టె మీద పడింది. కుడిచేయి ఆనించింది.

ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీసి కట్టు వేశారు. ఆరు వారాలు. తిరిగొచ్చేటప్పుడు కార్లో అమ్మ అన్నమాట: "మీ లైటు తప్పేం లేదులేమ్మా, నాకే దాన్ని నొక్కడం చేతకాలేదు."

నాకు ఆ మాట దగ్గరే దుఃఖం వచ్చింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. పెళ్లయిన దగ్గర్నుంచి పొలం, పాడి, పొయ్యి, అన్నీ చీకట్లో లేచి చేసుకున్న మనిషి. ఆవిడకి చేతకాలేదా, మేం కొన్నది పనికిమాలినదా?

నాన్న టార్చిలైటు

మా నాన్నకి మూడు బ్యాటరీల టార్చి ఉండేది. పొడుగ్గా, తెల్లగా మెరుస్తూ. పొలం మోటార్లకి కరెంటు రాత్రి పూట ఇచ్చే రోజులు. ఏ పన్నెండింటికో కరెంటు వస్తే నాన్న ఆ టార్చి పట్టుకుని గట్ల మీద పోయేవాడు. పాము కోసం ముందు నేల మీద వేసేవాడు, తరవాత అడుగు వేసేవాడు. బ్యాటరీలు నీరసపడితే అమ్మ వాటిని ఎండలో పెట్టేది. సాయంత్రానికి మళ్లీ ఓ రెండ్రోజులు వెలిగేవి. అడుగున మూతలో స్ప్రింగు పక్కన ఇంకో చిన్న బల్బు దాచిపెట్టి ఉండేది.

ఆ టార్చి వెలుగెంతో ఎవరికీ తెలియదు. పసుప్పచ్చగా, గుడ్డిగా ఉండేది. కానీ దానికి ఒకటే మీట. ముందుకి తోస్తే వెలుగు, వెనక్కి లాగితే చీకటి. ఇంట్లో అందరికీ అది ఎక్కడ వేలాడుతుందో తెలుసు. నాన్న తప్ప ఎవరు తీసినా తిట్లు పడేవి, మళ్లీ ఆ మేకుకే తగిలించాలి.

ఇప్పటి ఎల్‌ఈడీ లైటు చిటికెన వేలంత ఉండి దానికి ఎన్నో రెట్లు వెలుగిస్తుంది. ఇది మామూలు విషయం కాదు. నీలం రంగు ఎల్‌ఈడీ తయారు చేసినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఆ నీలం వెలుగు మీద పసుపు ఫాస్ఫరు పూత వేస్తేనే మనం చూసే తెల్ల వెలుగు వస్తుంది. అంతా బాగానే ఉంది. మరి మీట దగ్గర ఎందుకు చెడింది?

డబ్బా మీద అంకెలు ఎలా చదవాలి

ముందు ఈ ల్యూమెన్ల గోల తేల్చేద్దాం. ల్యూమెన్ అంటే లైటులోంచి మొత్తం ఎంత వెలుగు బయటికొస్తోంది అన్న లెక్క. ఒక కొవ్వొత్తి సుమారు 12 ల్యూమెన్లు. పాతకాలపు అరవై వాట్ల బల్బు సుమారు 800. దీన్ని బట్టి చూసుకోండి. బాత్రూముకి వెళ్లడానికి 5 నుంచి 10 చాలు. ఇంట్లో పని చేసుకోవడానికి 50, 60. పెరట్లో ఏదో చప్పుడైతే చూడటానికి 150, 200. ఇంకో సంగతి, మన కంటికి లెక్క వేరేగా ఉంటుంది. ల్యూమెన్లు రెట్టింపైతే వెలుగు రెట్టింపుగా కనపడదు. అలా కనపడాలంటే దాదాపు నాలుగు రెట్లు కావాలి. అందుకని 200కీ 300కీ తేడా చూసి డబ్బులు తగలెయ్యకండి.

మరి ఆ పదివేలు? ఇంట్లో కూరల లెక్క రాసే కాగితం మీదే ఇది తేల్చొచ్చు. మంచి ఎల్‌ఈడీ ఒక వాట్ కరెంటుకి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుంది. పదివేల ల్యూమెన్లకి 100 వాట్లు కావాలి. చేతిలో పట్టే లైటులో మామూలుగా వేసే మంచి లిథియం సెల్లులో మొత్తం ఉండేది 12 వాట్-అవర్లు. అంటే ఏడు నిమిషాల్లో ఖాళీ. ఈలోపు లైటు చేత్తో పట్టుకోలేనంత కాలిపోవాలి. మా నల్ల లైటు కాలనూ లేదు, ఏడు నిమిషాల్లో ఆరనూ లేదు. డబ్బా మీదది అబద్ధం అన్నమాట.

సెల్లు మీద అంకె కూడా అంతే. 18650 అని పిలిచే సెల్లు (18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు) మంచి కంపెనీలది 3,500 మిల్లీయాంప్ అవర్ల దగ్గర ఉంటుంది. 9,900 అని రాసి ఉంటే ఆ సెల్లుని ఇంట్లో పెట్టుకోవద్దు. అంకె దగ్గర అబద్ధమాడినవాడు లోపల రక్షణ ఏర్పాట్ల దగ్గర నిజాయితీగా ఉంటాడని నమ్మకమేంటి?

నమ్మదగిన డబ్బా మీద ఎఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్ 1 అని ఉండి, చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి. 2009లో వచ్చిన పద్ధతి ఇది. ఆ బొమ్మల అర్థం చెప్తా.

ల్యూమెన్లు: లైటు వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలిచినవి. ఆ తరవాత వేడి తగ్గించుకోవడానికి చాలా లైట్లు వాటంతటవే మందగిస్తాయి.

ఎంతసేపు వెలుగుతుంది: వెలుగు మొదట ఉన్నదాంట్లో పదో వంతుకి పడిపోయే దాకా పట్టే టైము ఇది. 200 ల్యూమెన్లు, 5 గంటలు అని ఉంటే ఐదు గంటలూ 200 ఉంటుందని కాదు, ఐదో గంటకి 20 మిగులుతుంది అని.

ఎంత దూరం: వెలుగు పావు లక్స్‌కి తగ్గే చోటు. సుమారుగా పున్నమి వెన్నెలంత. అంటే 100 మీటర్లు అని ఉంటే, అంత దూరంలో వెన్నెల్లో కనపడినట్టు కనపడుతుంది. మనిషి మొహం గుర్తుపట్టాలంటే అందులో సగం దూరం కూడా ఎక్కువే.

నీళ్లు: ఐపీఎక్స్4 అంటే చిలకరింపు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. ఐపీఎక్స్8 అంటే ఇంకా ఎక్కువ. మనకి 4 ఉన్నా చాలు, సింకులో పడేసే పిల్లలుంటే 7 చూసుకోండి.

మా ఇంటి పరీక్ష

అమ్మ చేతికి కట్టు ఉన్నన్నాళ్లూ కుడిచేత్తో ఏ పనీ లేదు. ఎడమచెయ్యి ఒక్కటే. ఆగస్టులో ఒక సాయంత్రం నాకు తట్టింది. బ్యాటరీ లైటుకి ఇంతకన్నా గట్టి పరీక్ష పెట్టేవాళ్లు ఎవరుంటారు అని. నిజంగా చీకట్లో మనకి రెండు చేతులు ఖాళీగా ఉండవు. ఒక చేతిలో పిల్లో, ఫోనో, మెట్ల రెయిలింగో ఉంటుంది.

మా నల్లదాంతో కలిపి ఐదు లైట్లు పోగేశా. రెండు కొన్నాను, రెండు స్నేహితుల దగ్గర అడిగి తెచ్చాను. పరీక్షించేవాళ్లం ముగ్గురం: అమ్మ, ఎనిమిదేళ్ల మా చిన్నది, నేను. మా ఆయన్ని రానివ్వలేదు. ఆయనకి అన్ని మోడ్లూ కంఠతా వచ్చు, అది పరీక్ష కాదు.

మొదటి పరీక్ష: ఎడమచేత్తో, కళ్లు మూసుకుని వెలిగించడం. తాళాల గుత్తికి తగిలించే సన్న లైటు ఒకటుంది, తల తిప్పితే వెలుగుతుంది. చాలా ముద్దుగా ఉంది. కానీ తిప్పడానికి రెండు చేతులు కావాలి. అమ్మ నోటితో పట్టుకుని తిప్పబోయింది. "వద్దు తల్లీ" అని లాక్కున్నా. పక్కన మీట ఉన్న ఇంకో లైటు ఉంది, చీకట్లో తడిమితే ఆ మీట ఎక్కడుందో దొరకదు. వెనక మూత మీద బొత్తాం ఉన్న లైటు మాత్రం అమ్మకీ పిల్లకీ మొదటిసారే దొరికింది. బాల్‌పెన్ను నొక్కినట్టే.

రెండో పరీక్ష: మొదటి నొక్కుకి ఏం వస్తుంది. నేను అన్నిటికన్నా ముఖ్యం అనేది ఇదే. వయసు పెరిగేకొద్దీ కంటిపాప అంతగా విచ్చుకోదు, లోపలి కటకం పసుపుబారుతుంది. కాబట్టి పెద్దవాళ్లకి మనకన్నా ఎక్కువ వెలుగు కావాలి. అదే సమయంలో ఎక్కువ వెలుగు సూటిగా తగిలితే మనకన్నా ఎక్కువ బైర్లు కమ్ముతాయి, తేరుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. అర్ధరాత్రి లేచిన మనిషికి ముందు చిన్న వెలుగు రావాలి, కావాలంటే పెంచుకోవాలి. కొన్ని లైట్లు పెద్ద వెలుగుతో మొదలై తగ్గుతాయి. కొన్ని కిందటిసారి ఏ మోడులో ఆపామో దాంట్లోనే వెలుగుతాయి, అంటే పగలు పిల్లలు ఆడి పెద్దదానిలో వదిలేస్తే రాత్రి ఆ పెద్దదే మొహాన కొడుతుంది. చిన్నది ముందు, తరవాత మధ్యది, తరవాత పెద్దది, ఇంకేం వద్దు. టపటపా కొట్టుకునే మోడు అసలు ఉండకూడదు, ఉన్నా మామూలు నొక్కుకి రాకూడదు.

మూడో పరీక్ష: మాత్రలు. అమ్మ బీపీ మాత్ర లేత గులాబీ, షుగరు మాత్ర తెలుపు. పళ్లెంలో రెండూ కలిపి పెట్టి ఒక్కో లైటు వేసి చూశాం. నీలంగా, చల్లగా ఉండే వెలుగులో రెండూ దాదాపు ఒకేలా కనపడ్డాయి. నాకు భయం వేసింది. కాస్త పసుపు ఛాయ ఉన్న వెలుగులో తేడా చక్కగా తెలిసింది. డబ్బా మీద సీఆర్‌ఐ 90 అని గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఎరుపులు సరిగ్గా కనపడతాయి. రంగు 3,000 నుంచి 4,500 కెల్విన్ లోపు ఉంటే కంటికి హాయి. 6,500 అంటే ట్యూబులైటులా పాలిపోయిన తెలుపు. పిల్లకి దెబ్బ తగిలితే అది మట్టో రక్తమో తెలియాలన్నా, పసుపు డబ్బాకీ కారం డబ్బాకీ తేడా తెలియాలన్నా ఇది పనికొస్తుంది.

నాలుగో పరీక్ష: నిలబెట్టడం. వెనక భాగం చదునుగా ఉంటే లైటుని బల్ల మీద నిలువుగా పెట్టొచ్చు. వెలుగు సీలింగుకి తగిలి గదంతా పరుచుకుంటుంది. వంట చేసుకోవడానికి, భోజనానికి రెండు చేతులూ ఖాళీ. నీళ్లు నింపిన ప్లాస్టిక్ పాల క్యాను పక్కన ఆనించి పెడితే లాంతరులా వెలుగుతుంది. మా చిన్నదానికి ఇది పండగ. కొవ్వొత్తులు మాత్రం వద్దు. తలుపులు, పరదాలు, పిల్లలు ఉన్న ఇంట్లో కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి వెలిగించడమంత ప్రమాదం ఇంకోటి లేదు.

ఐదో పరీక్ష: ఎంతసేపు. ఒక డబుల్ ఏ బ్యాటరీతో నడిచే లైటుని శుక్రవారం రాత్రి చిన్న వెలుగులో పెట్టి బట్టల అల్మారాలో వదిలేశా. ఆదివారం సాయంత్రం కూడా వెలుగుతూనే ఉంది. మధ్య వెలుగులో నాలుగు గంటల పైన వచ్చింది. పెద్ద వెలుగులో గంట దాటగానే నీరసపడింది. యూఎస్‌బీతో ఛార్జి అయ్యే చిన్న లైటు పెద్ద వెలుగులో బాగానే ఉంది గానీ అయిపోయాక ఏం చేస్తాం? కరెంటు లేదు కదా! పవర్‌బ్యాంకు ఉంటే సరే, లేకపోతే అది తాళాల గుత్తికి అలంకారమే.

ఆరో పరీక్ష: పర్సు. వారం రోజులు ఒక్కొక్కటి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరిగా. ఒకటి తనంతట తనే వెలిగి, బ్యాగు తెరిచేసరికి లోపల వేడిగా ఉంది. లిథియం సెల్లు ఉన్న గట్టి లైటైతే బట్ట కాలిపోవచ్చు కూడా. దీనికి సుళువు: వెనక మూతని పావు చుట్టు వదులు చేస్తే చాలా లైట్లు వెలగవు. మీది అలా ఆగుతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

అమ్మ ఏది తీసుకుంది

నేనైతే యూఎస్‌బీ ఛార్జింగుదే గెలుస్తుందనుకున్నా. చిన్నది, తేలిక, అందమైనది. అమ్మ మాత్రం ఒక డబుల్ ఏ బ్యాటరీతో నడిచే, వెనక బొత్తాం ఉన్న లైటు తీసుకుంది. చూపుడు వేలంత పొడవు. మూడే వెలుగులు, చిన్నది ముందు. పాతిక డాలర్ల లోపే. "ఇది ఎందుకమ్మా?" అంటే ఆవిడ చెప్పిన కారణం నా ఆరు పరీక్షల్లోనూ లేదు.

"దీనికి పెన్సిల్ బ్యాటరీయే కదే. మన ఊళ్లో సుబ్బయ్య కొట్లో కూడా దొరుకుతుంది. అదైతే పాడయితే మళ్లీ నీకు ఫోన్ చెయ్యాలి."

ఇది విని నేను కాసేపు మాట్లాడలేదు. మనం అమెరికా నుంచి అమ్మావాళ్లకి ఎన్ని పట్టుకెళ్లామో, అందులో ఎన్ని బీరువా పైన దుమ్ము పట్టి ఉన్నాయో లెక్కేసుకోండి. ఛార్జరు పోయిందనో, ప్లగ్గు సరిపోలేదనో, ఎలా వాడాలో మర్చిపోయామనో. మనకి మళ్లీ చెప్పడానికి వాళ్లకి మొహమాటం. మనం కొన్నది వాళ్లకి చేతకాలేదంటారు గానీ, మనం కొన్నది బాగాలేదని అనరు.

అందులోని లోటు కూడా చెప్పాలి కదా. ఆ లైటు పెరటి చివర కంచె దాకా సరిగ్గా కొట్టదు. జేబుకి తగిలించే క్లిప్పు నెల తిరక్కుండా వదులైంది. బొత్తాం కాస్త గట్టి, కీళ్ల నొప్పులున్న వాళ్లు ముందు నొక్కి చూసుకోవాలి. పెద్ద ఇల్లు, పెద్ద పెరడు ఉన్నవాళ్లకి దీనితోపాటు 18650 సెల్లుది ఒకటి ఉండటం మంచిదే. మా నల్లది ఇప్పుడు గరాజులో ఉంది. చెట్టు కొమ్మలు ఎక్కడ పడ్డాయో చూడటానికి పనికొస్తుంది.

బ్యాటరీల జాగ్రత్తలు, తప్పక చదవండి

మామూలు ఆల్కలైన్ బ్యాటరీని లైటులో పెట్టి ఏడాది మర్చిపోతే కారుతుంది. తెల్లటి పొడిలా కనపడేది క్షారం, ఒట్టి చేత్తో తుడవకండి. గ్లోవ్స్ వేసుకుని, వెనిగరులో గానీ నిమ్మరసంలో గానీ దూది ముంచి తుడవండి. అత్యవసరానికి దాచే లైటులో బ్యాటరీ తీసి పక్కన పెట్టండి, లేదా రీఛార్జి కాని లిథియం డబుల్ ఏ వెయ్యండి. అవి కొంచెం ఖరీదు, కానీ కారడం చాలా అరుదు, చలికి కూడా నీరసపడవు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు రోజులు గుర్తున్నవాళ్లకి ఆ సంగతి అర్థమవుతుంది. రోజూ వాడే లైటుకి రీఛార్జి అయ్యే నికెల్ బ్యాటరీలు పొదుపు.

14500 అని ఒక లిథియం సెల్లు ఉంటుంది. చూడటానికి అచ్చం డబుల్ ఏ లాగే ఉంటుంది, కానీ 3.7 వోల్టులు. దాన్ని మామూలు డబుల్ ఏ లైటులోనో పిల్లల బొమ్మలోనో వేస్తే అది మాడిపోతుంది. ఆ రెండూ ఒకే డ్రాయరులో ఉంచకండి. విడి లిథియం సెల్లుని పర్సులో తాళాలు, చిల్లరతో కలిపి వెయ్యకండి. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.

చిన్నపిల్లలున్న ఇల్లయితే బొత్తాం బ్యాటరీలతో నడిచే చవక లైట్లు అసలు వద్దు. పిల్ల మింగితే గొంతు దగ్గర ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. అనుమానం వస్తే చాలు, ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి, వాంతి చేయించకండి. అమెరికాలో విషాల సలహా నంబరు 1-800-222-1222, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది.

ఇండియాకి పట్టుకెళ్లేటప్పుడు విడి లిథియం సెల్లులు, పవర్‌బ్యాంకులు చెక్-ఇన్ సామాన్లో వెయ్యకూడదు, చేతి సంచీలోనే. చివర్లకి టేపు అంటించండి. లైటులో ఉన్న బ్యాటరీకి మూత వదులు చెయ్యండి, దారిలో వెలగకుండా.

ఇవాళే చెయ్యాల్సినవి

ఒకటి, ఇంట్లో ఉన్న లైట్లన్నీ తీసి బల్ల మీద పెట్టి వెలిగించి చూడండి. సగం వెలగవు, నాది గ్యారంటీ.

రెండు, ప్రతి లైటుకీ ఒక చోటు పెట్టండి. ప్రతి మంచం పక్కన ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, పర్సులో ఒకటి. మా నాన్న మేకులాగా, వాడాక మళ్లీ అక్కడికే.

మూడు, గోడ ప్లగ్గుకి పెట్టే చిన్న లైట్లు దొరుకుతాయి, కరెంటు పోగానే వాటంతటవే వెలుగుతాయి. పెద్దవాళ్లు పడుకునే గది నుంచి బాత్రూము దారిలో ఒకటి పెట్టండి.

నాలుగు, అన్నిటికన్నా ముఖ్యం. ఈ రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, మీ అమ్మ చేతికో అత్తగారి చేతికో లైటు ఇచ్చి, "బాత్రూము దాకా వెళ్లి రండి" అనండి. మీరు ఏమీ చెప్పకండి. ఊరికే చూడండి. ఆవిడ ఆగిన చోటల్లా ఆ లైటులో లోపం ఉన్నట్టే.

మొన్న ఆదివారం ఫోన్లో అమ్మని అడిగాను, ఆ లైటు వాడుతున్నావా అని. కార్తీకమాసంలో తెల్లవారుజామున గుడికి వెళ్లేటప్పుడు వీధిలో కుక్కల కోసం తీసుకెళ్లిందట. దాంతో పక్కింటి పిన్నిగారు కూడా అలాంటిదే కావాలన్నారట. ఇన్నాళ్లయినా ఇంకా ఒక్క బ్యాటరీయే మార్చిందట. మణికట్టు మాత్రం చలికి ఇంకా సలుపుతోందట, అది మాట మధ్యలో అనేసి, వెంటనే "పిల్ల తిన్నదా?" అని మాట మార్చేసింది.

మీ ఇళ్లలో ఏ లైటు పనికొచ్చింది, ఏది మోసం చేసింది, గ్రూపులో రాయండి. లింకు పంపేముందు మాత్రం ఒక్క ముక్క తప్పకుండా చెప్పండి: మీ ఇంట్లో అందరికన్నా పెద్దావిడ దాన్ని చీకట్లో వెలిగించగలిగారా, లేదా?